గూగుల్ ముక్కలైతే నా ఆఫర్ లెటర్ సంగతేంటి?

ఈ వారం ఇన్‌బాక్స్‌లో ఒక పొడుగాటి మెసేజ్. రాసిన అబ్బాయి సీఎస్‌ఈ ఫైనలియర్. చేతిలో రెండు ఆఫర్లు. ఒకటి పెద్ద అమెరికన్ టెక్ కంపెనీలో, ఆన్‌లైన్ ప్రకటనల విభాగం. రెండోది ఒక విదేశీ బ్యాంకు హైదరాబాద్ ఆఫీసు. జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడాలన్నీ ఇంట్లోనే వచ్చాయి. "టెక్ కంపెనీల్ని అమెరికా కోర్టులు ముక్కలు చేసేస్తున్నాయి, పోయి పోయి అందులో ఇరుక్కుంటావా?" అని బావ. "బ్యాంకంటే బ్యాంకేరా, ఇంకో మాట లేదు" అని నాన్న. రెండిట్లో ఏది ఇంటికి దగ్గర అని అమ్మ అడిగిందట. ముగ్గురిలో పనికొచ్చే ప్రశ్న వేసింది ఆవిడే అని నా అభిప్రాయం. అది అలా ఉంచి ముందు బావగారి మాట చూద్దాం. ఇదే భయంతో ఈమధ్య చాలామంది రాస్తున్నారు మరి.

యాంటీట్రస్ట్ అంటే గుత్తాధిపత్యానికి అడ్డుకట్ట వేసే చట్టం. కంపెనీ పెద్దది కావడం నేరం కాదు. ఆ పెద్దరికం అడ్డం పెట్టుకుని పక్కవాణ్ని ఎదగనివ్వకపోతే నేరం. మన దగ్గర ఈ పని చూసేది కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో గూగుల్‌కి 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది వీళ్లే.

అమెరికాలో అయితే కథ ఇంకా పెద్దది. 2024 ఆగస్టు 5న వాషింగ్టన్‌లో జడ్జి అమిత్ మెహతా (గుజరాత్‌లోని పాటన్‌లో పుట్టినాయన) సెర్చ్ వ్యాపారంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తేల్చారు. ఐఫోన్‌లో డిఫాల్ట్ సెర్చ్‌గా కూర్చోవడానికి 2022 ఒక్క ఏడాదే ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు కట్టినట్టు బయటపడింది ఆ కేసులోనే. తర్వాత 2025 ఏప్రిల్ 17న వర్జీనియాలో జడ్జి లియొనీ బ్రింకెమా ఆన్‌లైన్ ప్రకటనల మార్కెట్లోనూ గూగుల్‌ది తప్పే అన్నారు. అమెజాన్ మీద 2023 నుంచి, ఆపిల్ మీద 2024 నుంచి కేసులున్నాయి.

ఇంతవరకూ వింటే బావగారు నెగ్గినట్టే. అసలు సంగతి తీర్పు తర్వాత మొదలవుతుంది. తప్పు చేశారు సరే, ఇప్పుడేం చేయాలి? క్రోమ్ బ్రౌజర్‌ని అమ్మించాలని ప్రభుత్వం అడిగింది. 2025 సెప్టెంబరు 2న మెహతా అక్కర్లేదన్నారు. మా సెర్చ్ తప్ప ఇంకోటి పెట్టొద్దు అనే ఒప్పందాలు కుదరవన్నారు. కొంత డేటా పోటీదారులతో పంచుకోమన్నారు. డబ్బిచ్చి డిఫాల్ట్‌గా ఉండటాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. ముక్కలు చేస్తారనుకున్న కంపెనీ ఒక్క ముక్క కూడా పోగొట్టుకోకుండా బయటికొచ్చింది. ఇక ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కొనడం తప్పంటూ మెటా మీద వేసిన కేసు 2025 నవంబరు 18న జడ్జి బోస్‌బర్గ్ దగ్గర వీగిపోయింది. ఆ కేసు వేసింది 2020 డిసెంబరులో. అప్పుడు టెన్త్‌లో ఉన్న పిల్లాడు తీర్పు వచ్చేసరికి బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉంటాడు!

కోర్టులో తప్పు తేలాక గూగుల్ ఖర్చులు తగ్గించుకుని మూల కూర్చుందా? 2025 అక్టోబరులోనే విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది.

పాత కథలు ఏం చెబుతున్నాయి?

ఐబీఎం మీద అమెరికా ప్రభుత్వం 1969 జనవరిలో కేసు వేసింది. 1982లో ఇక వద్దులే అని తనే వెనక్కి తీసుకుంది. పదమూడేళ్లు! అయితే ఈ కథలో మనకు పనికొచ్చే పిట్టకథ ఒకటుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ కొంటే సాఫ్ట్‌వేర్ దాంతోపాటే వచ్చేది, విడిగా ధర ఉండేది కాదు. అదే 1969లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కి వేరే ధర పెడతామని ప్రకటించింది. కేసు ఒత్తిడి కూడా అందుకు ఒక కారణం. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్‌ని విడిగా తయారుచేసి అమ్ముకునే వ్యాపారం ఊపందుకుంది. మనలో సగం మంది ఇళ్లలో ఈఎంఐలు కడుతున్నది ఆ వ్యాపారమే.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా దగ్గరిది. 1998 మేలో కేసు పడింది. 2000 జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చేయమని జడ్జి ఆర్డరేశారు. 2001లో పైకోర్టు దాన్ని కొట్టేసింది, అదే ఏడాది నవంబరులో రాజీ కుదిరింది. ఆ సమయంలో ఉద్యోగాలు ఊడాయా? 2000లో సుమారు 39 వేల మంది ఉన్న కంపెనీలో 2002 నాటికి 50 వేల మంది ఉన్నారు. హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైంది కూడా కేసు పడిన 1998లోనే. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1992లో ఆ కంపెనీలో చేరి, కేసు నడిచినన్నాళ్లూ అక్కడే పనిచేసి, 2014లో సీఈఓ అయ్యారు. అప్పట్లో ఆయనకి కూడా ఎవరో ఒక బావ సలహా ఇచ్చే ఉంటాడు.

నిజంగా ముక్కలైన కంపెనీ ఏటీ అండ్ టీ. అమెరికా టెలిఫోన్ అంతా ఒకప్పుడు దాని చేతిలోనే ఉండేది. సుమారు పది లక్షల మంది ఉద్యోగులు. 1984 జనవరి 1న అందులోంచి ఏడు ప్రాంతీయ కంపెనీలు విడిపోయాయి. షేర్లున్నవాళ్లకి ప్రతి పది ఏటీ అండ్ టీ షేర్లకి ఏడు కొత్త కంపెనీల్లోనూ ఒక్కో షేరు ఇచ్చారు. తెల్లారేసరికి ఎవరూ రోడ్డున పడలేదు. బోర్డులు మారాయి, పని మారలేదు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నట్టు.

కాకపోతే ఇక్కడే ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. గుత్తాధిపత్యం ఉన్నప్పుడు ఉద్యోగులకి ఒక మెత్తటి దిండు ఉంటుంది. లాభం ఎలాగూ వస్తుంది కాబట్టి ఎవరూ లెక్కలు అడగరు. పోటీ వచ్చాక ఆ దిండు పోతుంది. 1996 జనవరిలో ఏటీ అండ్ టీ 40 వేల ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. విడిపోయి అప్పటికి పన్నెండేళ్లయింది. అంటే దెబ్బ తగిలితే తగిలేది మీరు చేరిన ఏడాదిలో కాదు. మీరు ఇల్లు కొనుక్కుని, ఇరవయ్యేళ్ల లోన్‌లో సగం కట్టాక. అప్పటికి మీ చేతిలో వేరే చోట పనికొచ్చే విద్య ఉందా లేదా అన్నదే లెక్క.

ఇంకో విషయం. 2022 నవంబరు నుంచి మెటా 11 వేలు, ఆ తర్వాత ఇంకో 10 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేల ఉద్యోగాలు తీసేశాయి. వీటిలో ఏదీ కోర్టు చెప్పిందని తీసినవి కావు. కొవిడ్ టైమ్‌లో అవసరానికి మించి తీసుకున్నారు, వడ్డీలు పెరిగాయి, తగ్గించుకున్నారు. జడ్జిగారికి భయపడి నిద్ర పోగొట్టుకునేవాళ్లు భయపడాల్సింది వేరేవాటికి.

మరి దెబ్బ ఎవరికి?

ఎడ్లు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. యాంటీట్రస్ట్‌లోనూ అంతే.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాని చూడండి. ఎన్నో ఏళ్లుగా గూగుల్‌కి ఎదురు నిలిచిన సంస్థ. కానీ ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో సుమారు 85 శాతం గూగుల్ నుంచే వస్తుంది, సెర్చ్ డిఫాల్ట్‌గా పెట్టినందుకు. అందుకే ఆ చెల్లింపులు ఆపేయమని ప్రభుత్వం అడిగినప్పుడు మొజిల్లా వాళ్లే కోర్టుకొచ్చి, అలా చేస్తే మేం మూతపడే పరిస్థితి అని చెప్పుకోవాల్సి వచ్చింది. కేసు గూగుల్ మీద, గుండెదడ మొజిల్లాలో.

కొనుగోళ్లు ఆగిపోయినప్పుడు కూడా ఇలాగే. ఇల్లు ఊడ్చే రోబో తయారుచేసే ఐరోబోట్‌ని అమెజాన్ కొనాలనుకుంది. యూరప్ అధికారులు అడ్డు చెప్పేలా ఉన్నారని 2024 జనవరిలో విరమించుకుంది. అదే రోజు ఐరోబోట్ దాదాపు 350 మందిని, అంటే తన సిబ్బందిలో 31 శాతాన్ని తీసేసింది. వచ్చే ఏడాది చివరికల్లా దివాలా కోర్టుకెళ్లింది. అదే సమయంలో డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫిగ్మాని 2,000 కోట్ల డాలర్లకి కొనాలనుకున్న అడోబీ కూడా అధికారుల అభ్యంతరాలతోనే 2023 డిసెంబరులో వెనక్కి తగ్గింది. ఒప్పందం ప్రకారం ఫిగ్మాకి 100 కోట్ల డాలర్లు కట్టింది. ఫిగ్మా ఆ డబ్బుతో తన పని తాను చేసుకుంటూ 2025 జులైలో దర్జాగా స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయింది.

ఒకే రకం అడ్డంకి, రెండు రకాల గతి. ఫిగ్మాకి సొంతంగా డబ్బు వచ్చే వ్యాపారం ఉంది. ఐరోబోట్ అమ్ముడుపోతేనే గట్టెక్కే స్థితిలో ఉంది. మీరు స్టార్టప్‌లో చేరుతూ "ఏదో ఒక రోజు పెద్ద కంపెనీ కొంటుంది, అప్పుడు నా ఈసాప్‌లు కోట్లు అవుతాయి" అనే లెక్క మీద జీతం తగ్గించుకుంటుంటే, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.

ఇంకా చిత్రమైన సంగతి చెబుతాను. యాంటీట్రస్ట్ చట్టం టెక్ ఉద్యోగుల జేబులో డబ్బు పెట్టిన సందర్భం ఉంది. నీ ఇంజినీర్లకి నేను ఫోన్ చేయను, నా ఇంజినీర్లకి నువ్వు చేయకు అని సిలికాన్ వ్యాలీ కంపెనీలు లోపల్లోపల మాట్లాడుకున్నాయి. ఆఫర్లు రాకపోతే జీతాలు పెరగవు కదా! ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ, ఇంట్యూట్, పిక్సార్‌ల మీద అమెరికా న్యాయశాఖ 2010లో చర్య తీసుకుని ఈ పద్ధతి మాన్పించింది. తర్వాత ఉద్యోగులు వేసిన దావాలో ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కలిసి 41.5 కోట్ల డాలర్లు కట్టాయి. 64 వేల మందికి పైగా ఉద్యోగుల తరఫున నడిచిన దావా అది. లాయర్ల ఫీజులు పోగా తలా కొన్ని వేల డాలర్లు వచ్చాయి. కాబట్టి ఈ చట్టాన్ని ఉద్యోగాలు తినేసే భూతంలా చూడటం నాకు నచ్చదు. కొనేవాడు ఒక్కడే ఉన్న మార్కెట్ యార్డులో మిర్చి రైతుకి రేటు ఎలా వస్తుందో, ఉద్యోగం ఇచ్చేవాడు ఒక్కడే ఉన్న రంగంలో మీ ప్యాకేజీ అలాగే వస్తుంది.

ఇప్పుడు నాన్నగారి వైపు

"బ్యాంకంటే బ్యాంకే" అనేది ఎస్‌బీఐ, ఆంధ్రా బ్యాంకుల కాలం నాటి మాట. ఆ ఆంధ్రా బ్యాంకే 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ప్రభుత్వ బ్యాంకు కాబట్టి ఉద్యోగాలు నిలిచాయి. ప్రైవేటు ఫైనాన్స్‌లో ఆ భరోసా లేదు. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 వేల మంది ఉద్యోగులున్నారు. ముంబై పవాయ్‌లో ఉన్న వాళ్ల ఆఫీసుని జపాన్ కంపెనీ నొమురా కొనుక్కుంది కాబట్టి అక్కడివాళ్లలో చాలామంది బతికిపోయారు. అమెరికాలో సిటీ గ్రూప్ 2026లోపు 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని 2024 జనవరిలో చెప్పింది.

దాన్నీ పక్కన పెడదాం. టెక్‌కీ ఫైనాన్స్‌కీ నాకు కనిపించే అసలు తేడా వేగం. టెక్ మీద చట్టం ఎడ్లబండి మీద వస్తుంది. కేసు, వాదనలు, తీర్పు, అప్పీలు, మళ్లీ అప్పీలు. ఫైనాన్స్ మీద చట్టం బైక్ మీద వస్తుంది. ఒక సాయంత్రం ఒక ఆర్డర్, అంతే.

పేటీఎం పేమెంట్స్ బ్యాంకునే చూడండి. 2024 జనవరి 31న ఆర్‌బీఐ ఉత్తర్వు వచ్చింది. కొత్త డిపాజిట్లు తీసుకోవడానికి మొదట ఫిబ్రవరి 29 వరకు, తర్వాత కాస్త పొడిగించి మార్చి 15 వరకు గడువిచ్చారు. మొత్తం 44 రోజులు. మెటా కేసులో అయిదేళ్లు, ఇక్కడ నెలన్నర. ఆర్డర్ వచ్చిన మర్నాడు, ఆ పైరోజు కూడా పేటీఎం మాతృసంస్థ షేరు 20 శాతం చొప్పున పడింది.

క్వాంట్ ట్రేడింగ్ కంపెనీల పేరు వినగానే ఐఐటీ పిల్లల కళ్లు మెరుస్తాయి. ప్యాకేజీలు అలాంటివి మరి. అందులో పెద్ద పేరున్న జేన్ స్ట్రీట్ మీద 2025 జులై 3న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మార్కెట్లోకి రావద్దంది, 4,843 కోట్ల రూపాయలు కట్టమంది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, డబ్బు డిపాజిట్ చేసి అప్పీలుకెళ్లింది. తప్పొప్పులు తర్వాత తేలతాయి. ఆ ఉదయం ఇండియా డెస్క్ మీద పనిచేస్తున్నవాడి సంగతి ఆలోచించండి. అంతకుముందు 2024 అక్టోబరులో వారం వారం ఆప్షన్స్ ఎక్స్‌పైరీలు ఎక్స్ఛేంజ్‌కి ఒకటి చాలు అని సెబీ తేల్చేసింది. అప్పటిదాకా బ్యాంక్ నిఫ్టీ వీక్లీల మీద బతికిన వ్యాపారాలన్నీ ఒక్కసారి కుదుపుకు లోనయ్యాయి. చిన్న మదుపరుల్లో నూటికి 93 మంది ఎఫ్ అండ్ ఓలో డబ్బు పోగొట్టుకున్నారని సెబీ లెక్కే చెప్పింది కాబట్టి, ఆ నిర్ణయం తప్పని నేననను. ఉద్యోగం వెతుక్కునేవాడికి మాత్రం అది హెచ్చరిక.

గుత్తాధిపత్యం గొడవ ఫైనాన్స్‌కి లేదనుకోవద్దు. డెబిట్ కార్డుల మార్కెట్లో పోటీని అణిచేసిందంటూ వీసా మీద 2024 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది. మన యూపీఐ సంగతి సరేసరి. లావాదేవీల్లో 80 శాతానికి పైగా ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి చేతిలోనే ఉన్నాయి. ఏ యాప్‌కీ 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ ఎప్పుడో 2020లో చెప్పింది. గడువు జరుపుతూ జరుపుతూ 2026 డిసెంబరు 31కి తెచ్చింది. ఫోన్‌పేది టెక్ ఉద్యోగమా, ఫైనాన్స్ ఉద్యోగమా? చేసేవాళ్లని అడిగినా నవ్వుతారు.

నానక్‌రాంగూడ బోర్డు

హైదరాబాద్‌లో నానక్‌రాంగూడ వైపు వెళ్తే 'ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్' అని బోర్డు కనిపిస్తుంది. అక్కడ కళ్లు చెదిరే భవనాల్లో ఒకటి 2019లో తెరిచిన అమెజాన్‌ది. పేరేమో ఫైనాన్షియల్, లోపల టెక్. ఇంకోపక్క నగరంలో జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, స్టేట్ స్ట్రీట్ ఆఫీసులున్నాయి. వాటిలోకి రోజూ బ్యాడ్జ్ తగిలించుకుని వెళ్లేవాళ్లలో ఎంతోమంది రాసేది జావా, పైథాన్. పేరు బ్యాంకు, పని టెక్. జేపీ మోర్గాన్ 2025లో టెక్నాలజీకి కేటాయించిన బడ్జెట్టే సుమారు 1,800 కోట్ల డాలర్లు.

అందుకే బీటెక్ వాళ్లు "టెక్కా, ఫైనాన్సా" అని అడిగినప్పుడు నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ ఫైనాన్స్? బ్యాంకు జీసీసీలో డెవలపర్‌గా చేరితే మీరు టెక్‌లోనే ఉన్నారు, జీతం చెక్కు మీద బ్యాంకు పేరుంటుంది. క్వాంట్ డెస్క్ అయితే గణితం మీద ప్రేమ ఉండాలి, ప్యాకేజీ మీద ఒక్కదాని మీదే ఉంటే ఆరు నెలల్లో తేలిపోతుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, క్రెడిట్, ఈక్విటీ రీసెర్చ్ లాంటి అసలు ఫైనాన్స్‌కి సీఏ, సీఎఫ్‌ఏ, ఎంబీఏల దారి వేరే ఉంది. కోడింగ్ విసుగొచ్చిందని అటు దూకేవాళ్లకి దూరపు కొండలు నునుపుగానే కనిపిస్తాయి. రాత్రి పదకొండింటికి ఎక్సెల్ షీట్‌లో అడ్డువరసలు సరిచూస్తున్నప్పుడు ఆ నునుపు కనపడదు.

బ్యాంకుల్లో టెక్ పని తక్కువరకం అనే చిన్నచూపు కూడా మన కాలేజీల్లో ఉంది. అది తప్పు. ఐటీ వ్యవస్థలో లోపాలున్నాయని 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకుని ఆన్‌లైన్‌లో కొత్త కస్టమర్లని చేర్చుకోవద్దని, కొత్త క్రెడిట్ కార్డులివ్వొద్దని ఆర్‌బీఐ ఆపేసింది. ఆంక్షలు తీసేసింది 2025 ఫిబ్రవరిలో. అంతకుముందు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకీ ఇలాగే జరిగింది. సర్వర్ పడిపోతే వ్యాపారమే ఆగిపోతుందని తెలిశాక ఆ సర్వర్ చూసేవాడి విలువ ఏ బ్యాంకులోనైనా పెరుగుతుంది.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్లకి లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ టెక్, ఫైనాన్స్ కంటే ముందు చూడాల్సింది మీ కోర్సు స్టెమ్ జాబితాలో ఉందా లేదా అన్నది. ఉంటే ఓపీటీ 12 నెలలకి ఇంకో 24 నెలలు కలుస్తాయి. లేకపోతే ఆ 12 నెలలే. ఫైనాన్స్ కోర్సుల్లో కొన్ని స్టెమ్ కిందికి వస్తాయి, కొన్ని రావు, ఒకే యూనివర్సిటీలో కూడా. హెచ్-1బీ మీద ఉండగా ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. అలాంటప్పుడు ఏ రంగంలో జీతం ఎక్కువ అన్నదానికంటే, ఏ రంగంలో రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది అన్నదే పెద్ద ప్రశ్న.

ఆ అబ్బాయికి నా జవాబు

యాంటీట్రస్ట్ భయంతో అయితే బ్యాంకుకి వెళ్లొద్దు. పని నచ్చి వెళ్తే హాయిగా వెళ్లండి.

ప్రకటనల టీమ్ ఆఫర్ విషయంలో ఒక్క సంగతి కనుక్కోండి. ఆన్‌లైన్ ప్రకటనల్లో మూడు గదులుంటాయి. ప్రకటన ఇచ్చే కంపెనీల వైపు ఒకటి, ప్రకటన చూపించే వెబ్‌సైట్ల వైపు ఒకటి, మధ్యలో వేలంపాట నడిపే ఎక్స్ఛేంజ్ ఒకటి. బ్రింకెమా గూగుల్‌ని తప్పుపట్టింది వెబ్‌సైట్ల వైపు, ఎక్స్ఛేంజ్ వైపు. ప్రకటన ఇచ్చేవాళ్ల వైపు ఆరోపణ నిలబడలేదు. మీరు చేరబోయే కంపెనీ ఏదైనా సరే, మీ టీమ్ ఏ గదిలో ఉందో తెలుసుకుంటే ఆ టీమ్ భవిష్యత్తు గురించి బావగారికంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. రేపు ఎప్పుడో ఆ గదిని అమ్మేసినా, కోడ్ ఒక్కటే వెళ్లదు. దాన్ని నడిపేవాళ్లూ కావాలి. సెకనులో చిన్న భాగంలో లక్షల వేలంపాటలు నడిపే సిస్టమ్ మీద పనిచేసినవాడిని స్టాక్ ఎక్స్ఛేంజ్‌లైనా, పేమెంట్ కంపెనీలైనా రమ్మంటాయి.

బ్యాంకు ఆఫర్‌కీ ఇదే పరీక్ష. చెల్లింపులు, మోసాల పసిగట్టు, రిస్క్ లెక్కలు లాంటి టీమ్ అయితే నేను దాన్నే ముందు చూస్తాను. అక్కడ నేర్చుకున్నది ఏ దేశంలో ఏ బ్యాంకుకైనా, ఏ ఫిన్‌టెక్‌కైనా పనికొస్తుంది. ఆ బ్యాంకుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేని పాత సాఫ్ట్‌వేర్‌కి కాపలా కాసే పనైతే మాత్రం, జీతం రెండు లక్షలు ఎక్కువిచ్చినా నేను ప్రకటనల వైపే వెళ్తాను.

డబ్బు ఎలా వస్తుందో కూడా చూసుకోండి. టెక్ కంపెనీ ప్యాకేజీలో షేర్ల వాటా ఉంటే అది సాధారణంగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొస్తుంది. కంపెనీ విడిపోయినా ఆ షేర్లని కొత్త కంపెనీల లెక్కలోకి సర్దుబాటు చేయడం మామూలే. బ్యాంకు బోనస్ నగదు, కానీ ఆ ఏడాది బ్యాంకు మూడ్ మీద ఆధారపడుతుంది. జాయినింగ్ బోనస్ ఇస్తుంటే, ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలో ఆఫర్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కనిపిస్తే కంగారు పడొద్దు. మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం వదిలేశాక అలాంటి నిషేధం మన దగ్గర చెల్లదు. నోటీస్ పీరియడ్ షరతు మాత్రం చెల్లుతుంది. 90 రోజులు అని ఉంటే మారే రోజున అదే మీకు అడ్డం పడుతుంది.

ఆఫర్ లెటర్‌లో టీమ్ పేరు లేకపోతే సంతకానికి ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. "నేను ఏ టీమ్‌లో చేరతాను, ఆ టీమ్ ఏ ప్రొడక్ట్ మీద పనిచేస్తుంది, ఆఫీసు ఎక్కడ" అని మూడు ప్రశ్నలు చాలు. మూడోది అమ్మ కోసం. రెండు రోజుల్లో జవాబు రాకపోతే గుర్తుచేస్తూ ఇంకో మెయిల్ పెట్టి, నిర్ణయానికి నాలుగు రోజులు గడువు అడగండి. ఫ్రెషర్ అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని మొహమాటపడేవాళ్లే ఎక్కువ. మర్యాదగా అడిగితే ఇస్తారు.